కృత్రిమ మేధయు, పంచాయతీ రిజిస్టరును

సికింద్రాబాదును ఆనుకొనియున్న బేగంపేటలో, విమానాశ్రయమునకు చేరువను, ఒక పాత భవనము కలదు. అది సర్ రోనాల్డ్ రాస్ పేర ఉస్మానియా విశ్వవిద్యాలయము వారి అధీనములో నున్నది. మలేరియా జ్వరమునకును దోమకును గల సంబంధమునకు తొలి ప్రత్యక్ష నిదర్శనము 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులోనే లభించినది. నేటికిని ఆ తేదీని ప్రపంచమంతటను దోమల దినముగా పాటించుచున్నారు. శాస్త్ర పరిశోధనలో ఇటీవల ప్రవేశించిన ఒక కొత్త సాధనమును గురించి పంచాయతీ సభ్యులకు తెలుపదలచి, మేము ఈ పాత కథతో ప్రారంభించుచున్నాము. కొత్త పనిముట్టు ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో తెలియవలెనన్న, అది లేని కాలమున పని ఎట్లు సాగెనో ముందుగా చూడవలెను గదా.

రాస్ సైనిక వైద్యుడు. 1895లో దళముతో సికింద్రాబాదునకు వచ్చెను. అంతకు పదునైదేండ్లకు పూర్వమే, 1880లో, లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు అల్జీరియాలో మలేరియా రోగుల రక్తమునందు ఒక సూక్ష్మజీవిని కనుగొని, దానిలో నల్లని రేణువులుండునని వ్రాసియుండెను. ఆ జీవి ఒక మనిషి నుండి మరియొక మనిషికి ఏ మార్గమున చేరుచున్నదో ఎవరికిని తెలియదు. దోమకు ఇందులో పాత్ర యుండవచ్చునని లండనులోని మాన్సన్ అను వైద్యుడు ఊహించి, రాస్‌కు ఉత్తరములు వ్రాయుచుండెను. ఆ ఊహను పట్టుకొని రాస్ రెండేండ్లపాటు దోమలను కోసి చూచెను. చెమటకు సూక్ష్మదర్శని మరలు త్రుప్పు పట్టినవి. పంకా లాగించినచో కోసిన దోమ ముక్కలు ఎగిరిపోవును గనుక, ఉక్కలో పంకా లేకయే కూర్చుండి పనిచేసెను. హుసేన్ ఖాన్ అను రోగి దోమతెరలో పరుండి, సీసాలలో పెంచిన దోమలచేత కుట్టించుకొనెను. ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టెను.

రాస్ అంతకుముందు కోసిన దోమలు మలేరియాను మోయు జాతులు కావు. ఈసారి చేతికి వచ్చినవి రెక్కలపై మచ్చలుగల గోధుమరంగు దోమలు. నేడు వానిని అనాఫిలీస్ అందుము. ఆ దోమ పేరు చెప్పగల గ్రంథమైనను రాస్ వద్ద లేకుండెను. రక్తము త్రాగిన నాలుగు దినములకు, 20వ తేదీన, అట్టి దోమనొకదానిని కోయగా, కడుపు గోడలో గుండ్రని కణములును, ఆ కణములలో లావెరాన్ చెప్పిన నల్లని రేణువులును కనబడెను. మరునాడు కోసిన దోమలో ఆ కణములే మరింత పెద్దవై యుండెను. పెరుగుచున్నవి గనుక అవి సజీవములనుట స్పష్టమయ్యెను. తరువాత 1898లో రాస్ కలకత్తాలో పక్షులపై పరిశోధించి, ఆ జీవి దోమ కడుపునుండి దాని లాలాజల గ్రంథులకు చేరి, కాటుద్వారా వ్యాపించునని నిరూపించెను. మనుష్యుల మలేరియాను అనాఫిలీస్ దోమయే మోయునని ఆ యేడే ఇటలీ శాస్త్రజ్ఞులు స్థిరపరచిరి. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము లభించెను.

ఇచ్చట ఒక ప్రశ్న వేసికొందము. నేటి కృత్రిమ మేధ 1895లో ఉండి, ఆనాటి వైద్యగ్రంథములన్నియు చదివియుండి, "చలిజ్వరము దేనివలన వచ్చును?" అని రాస్ అడిగియుండిన ఏమని చెప్పియుండును? బురదనేలల నుండి లేచు చెడుగాలి వలన అని చెప్పియుండును. ఏలయన గ్రంథములలో అత్యధికముగా వ్రాయబడినది అదియే. మలేరియా యను మాటకు ఇటలీ భాషలో చెడుగాలి యనియే అర్థము. దోమను అనుమానించిన మాన్సన్ సహితము, దోమలు చచ్చిపడిన నీటిని త్రాగుటచే జ్వరము వచ్చునేమో యని తలచెను గాని, కాటుచే వచ్చునని తలచలేదు. ఆనాటి జవాబు ఏ గ్రంథమందును లేదు. మచ్చల రెక్కల దోమ కడుపులో ఉండెను.

ఇంతకును ఈ కృత్రిమ మేధ యనునది ఏమి? నలువది యేండ్లు అడంగళ్లు వ్రాసిన వెనుకటి కరణమును తలచుకొనుడు. చిట్టాలో ఒక పుట చినిగిపోయినదనుకొందము. ముందు పుటలు, వెనుక పుటలు, ఆ యూరి భూములు, పంటలు, శిస్తు రేట్లు అన్నియు ఎరిగినవాడగుటచే, చినిగిన పుటలో నేమి యుండియుండునో అతడు చాలవరకు సరిగానే చెప్పగలడు. కృత్రిమ మేధ చేయునదియు ఇట్టి పనియే. లక్షలకొలది, కోట్లకొలది ఉదాహరణములను దానికి చూపుదురు. ఏ మాట వెనుక ఏ మాట వచ్చునో, ఏ ఆకారము ప్రక్కన ఏ ఆకారము అమరునో అది లెక్కలు కట్టుకొని, లేని భాగమును పూరించును. పూరించుటయే గాక, మునుపు లేని కొత్త వాక్యమును, కొత్త చిత్రమును, కొత్త పదార్థపు నమూనాను కల్పించు శక్తి గలదానిని జనరేటివ్ ఎ.ఐ. అనుచున్నారు; తెలుగులో ఉత్పాదక కృత్రిమ మేధ యనవచ్చును. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన పిమ్మట ఈ మాట పల్లెలలో సహితము వినబడుచున్నది. అయినను కరణము ఊహించి చెప్పిన హద్దు, గొలుసు పట్టి కొలిచిన హద్దు కాదు. ఈ భేదమును మరువకుండ ముందుకు పోవుదము.

పరిశోధనలో ఈ సాధనము చేసిన మేలు మాంసకృత్తుల విషయమున అన్నిటికంటె బాగుగ కనబడును. మన దేహములోను, దోమ దేహములోను, మలేరియా జీవిలోను పనులు నడిపించునవి ప్రధానముగా మాంసకృత్తులు, అనగా ప్రొటీనులు. ఇరువది రకముల పూసలను వేర్వేరు వరుసలలో దండగా గుచ్చినట్లు ప్రకృతి వీనిని నిర్మించును. దండ ఊరకుండక ముడుచుకొని ఒక ఆకారము దాల్చును. ఆ ఆకారమే దాని పనిని నిర్ణయించును. తాళముచెవి పండ్లు ఎట్లున్నవో తెలిసిన గాని తాళము సంగతి తెలియనట్లే యిది. పూసల వరుస కనుగొనుట సులభమైనను, ఆకారము కనుగొనుట కష్టము. ఒక్కొక్క మాంసకృత్తునకు మాసములు, కొన్నిటికి సంవత్సరములు పట్టెడివి.

ఇట్లు కష్టపడి కనుగొన్న ప్రతి ఆకారమును శాస్త్రజ్ఞులు ఒక ఉమ్మడి ఖాతాలో చేర్చుచు వచ్చిరి. ప్రొటీన్ డేటా బ్యాంకు అను ఆ ఖాతా 1971లో ఏడు ఆకారములతో ఆరంభమయ్యెను. ఐదు దశాబ్దములలో అవి సుమారు 1,70,000 అయినవి. ఏ దేశమువాడైనను ఉచితముగా చూడవచ్చును. డీప్‌మైండ్ అను సంస్థవారు ఈ ఖాతాను ఆధారము చేసికొని ఆల్ఫాఫోల్డ్ అను యంత్రమేధకు తర్ఫీదు ఇచ్చిరి. పూసల వరుస చెప్పినచో ఆకారమును ఊహించి చెప్పుటలో అది 2020లో జరిగిన పరీక్షయందు పరిశోధకులను ఆశ్చర్యపరచినది. 2022 జులై నాటికి ఇరువది కోట్లకు మించిన ఆకారములను అది ఊహించి లోకము ముందు పెట్టెను. 2024లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానము ఇందుకు కారకులైన డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్ లకును, కొత్త మాంసకృత్తులను రూపొందించిన డేవిడ్ బేకర్‌కును లభించెను. యంత్రము గొప్పదే. అయితే యాబదియేండ్లపాటు పేరులేని వేలమంది, చూచినది చూచినట్లు ఖాతాలో వ్రాయకున్నచో యంత్రము నేర్చుకొనుటకు ఏమియు ఉండెడిది కాదు. పత్రికలలో ఈ సంగతికి తగినంత స్థానము దొరకలేదని మా అభిప్రాయము.

ఇప్పుడు మరల దోమ కడుపునకు వత్తము. మలేరియా జీవి లైంగిక పునరుత్పత్తి దోమ కడుపులోనే జరుగును. అచ్చట దానిని అడ్డగించినచో జ్వరము ఇంకొకరికి ప్రాకదు. దీనికై ఒక కొత్త తరహా టీకాను తయారుచేయుటకు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో మాథ్యూ హిగిన్స్ బృందమువారు పనిచేయుచున్నారు. టీకా తీసికొన్న మనిషి రక్తములో రక్షకపదార్థములు పుట్టును. దోమ అతనిని కుట్టినప్పుడు రక్తముతోబాటు అవియు దాని కడుపులోనికి పోయి, మలేరియా జీవి పెంపును ఆపివేయును. ఇందుకు గురిగా ఎంచుకొన్న మాంసకృత్తు ఆకారము ఏండ్ల తరబడి వారికి స్పష్టముగా చిక్కలేదు. ఆల్ఫాఫోల్డ్ ఊహించిన ఆకారమును తమ ప్రయోగశాల కొలతలతో జోడించిన పిమ్మట అది తేటపడినది. 2022లో ఆ ఫలితమును ప్రకటించిరి. ఈ టీకా తీసికొన్నవానికి నేరుగా మేలు లేదు, మేలంతయు ఇరుగుపొరుగువారికే. ఊరంతయు కలిసిన గాని పనిచేయని టీకా యిది. పంచాయతీ పని వంటిది. అట్టి టీకాలు ఇంకను పరీక్షల దశలోనే యున్నవి. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో దొరకునవి కావు. నిలిచిన నీరు తొలగించుట, దోమతెర, జ్వరము వచ్చిననాడే రక్తపరీక్ష, వీనికి బదులు ఇంతవరకు మరియేదియు రాలేదు.

మన పల్లెలకు ఇంకను దగ్గర విషయము పాముకాటు. నేడు వాడుకలోనున్న విరుగుడు మందును ఎట్లు చేయుదురో అనేకులెరుగరు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగు పాముల విషమును కొద్దికొద్దిగా గుర్రములకు ఎక్కించి, వాని రక్తములో పుట్టిన విరుగుడును వేరుచేసి శుద్ధిపరచుదురు. వంద సంవత్సరములకు మించిన పద్ధతి ఇది. ప్రాణములు కాపాడుచున్నది గాని, కొందరికి వికటించును. ఆసుపత్రిలో వైద్యుని ఎదుట తప్ప ఇచ్చుటకు వీలుకాదు.

2025 జనవరిలో డేవిడ్ బేకర్ ప్రయోగశాలవారును, డెన్మార్కు శాస్త్రజ్ఞులును కలిసి ఒక ఫలితమును ప్రకటించిరి. నాగుపాము జాతివాని విషములో నరములను స్తంభింపజేయు మాంసకృత్తులు కలవు. వాని ఆకారమును యంత్రమేధకు చూపి, దానిని గట్టిగా పట్టివేయగల కొత్త మాంసకృత్తును కల్పించుమని కోరిరి. ప్రకృతిలో ఎన్నడును లేని నమూనాలను యంత్రము ఇచ్చెను. పరిశోధకులు కొన్నిటిని ప్రయోగశాలలో తయారుచేసి, ప్రాణాంతకమైన విషాంశము ఎక్కించిన ఎలుకలకు ఇచ్చిరి. పెక్కు ఎలుకలు బ్రదికినవి. గుర్రము అక్కరలేదు. వేలకొలది నమూనాలను ఒక్కొక్కటిగా వెదకుటకు పట్టు ఏండ్లు తగ్గినవి. పరిశోధన రీతి మారినదనుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము మాకు దొరకలేదు. పూర్వము లోకములో ఉన్నదానిని వెదకెడివారు. ఇప్పుడు కావలసినదానిని ముందు రూపొందించి, తరువాత తయారుచేసి పరీక్షించుచున్నారు. అయితే ఆ పరీక్ష ఎలుకలపై జరిగినది, మనుష్యులపై కాదు. నాగుపాము జాతి విషమునకు సంబంధించినది, పింజరల విషము వేరు తీరు. కాబట్టి ఎవరైనను "కృత్రిమ మేధతో చేసిన పాము మందు" అని సంతలో అమ్మవచ్చినచో పంచాయతీ సభ్యులు నమ్మరాదు, నమ్మనీయరాదు. కాటు పడినవానిని కదలకుండ ఉంచి ఆసుపత్రికి చేర్చుటయే నేటికిని చేయవలసినది.

పరిశోధకుని నిత్యకృత్యములో మారినవి ఇంకను కలవు. వందల వ్యాసములను చదివి సారము తీయుట, లెక్కల ప్రోగ్రాములు వ్రాయుట, ఇంగ్లీషు అంతగా రానివారు తమ వ్యాసములను దిద్దుకొనుట, ఇవన్నియు త్వరితమైనవి. వాతావరణ శాస్త్రమునను ఇట్టి పద్ధతులు చేరినవి. 2025లో కేంద్ర వ్యవసాయ మంత్రిత్వశాఖవారు 13 రాష్ట్రములలోని సుమారు 3 కోట్ల 80 లక్షల రైతులకు యంత్రమేధ సాయముతో తయారైన రుతుపవన సూచనలను ఫోను సందేశములుగా పంపిరి.

ఇక కీడు వైపు చూతము. ఈ సాధనము తనకు తెలియదని తరచుగా చెప్పదు. ఖాళీని పూరించుటయే దాని స్వభావము గనుక, నిజము దొరకని చోట నిజమువలె వినబడు దానిని పెట్టును. లేని వ్యాసమునకు పేరు, లేని పుటకు సంఖ్య, వ్రాయనివానికి కర్తృత్వము అంటగట్టును. 2022 నవంబరులో మెటా సంస్థవారు శాస్త్రవ్యాసములతో తర్ఫీదు పొందిన గెలాక్టికా అను సాధనమును విడుదలచేసి, అది అబద్ధములను శాస్త్రభాషలో పలుకుచున్నదని విమర్శలు రాగా మూడు దినములలో ఉపసంహరించుకొనిరి. 2024 ఫిబ్రవరిలో ఒక శాస్త్రపత్రికలో యంత్రము గీసిన ఎలుక బొమ్మ అచ్చయినది. దాని అంగములు సృష్టిలో ఏ ఎలుకకును లేనివి, ప్రక్కన వ్రాసిన అక్షరములు ఏ భాషకును చెందనివి. అచ్చగుటకు ముందు దానిని పరిశీలించినవారి కంటికి ఇది ఆనకపోవుట మాకు వింతగా తోచును. ఆ వ్యాసమును కొలది దినములలో రద్దుచేసిరి. నేచర్, సైన్స్ అను ప్రసిద్ధ పత్రికలు 2023 ఆరంభముననే, యంత్రమును వ్యాసకర్తగా పేర్కొనరాదని నియమము చేసినవి. తప్పు వ్రాసినవాడు జవాబు చెప్పవలెను. యంత్రము జవాబుదారీ వహింపజాలదు గదా.

ఇవి ఎచ్చటనో పరిశోధనశాలల సంగతులు, పంచాయతీకి ఏమి సంబంధమని అడుగవచ్చును. సంబంధము కలదు. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలములో 175 మంది వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తవలెనో ఫోను ద్వారా తెలుగులో తెలిపిరి. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ వారును, మైక్రోసాఫ్ట్ సంస్థయు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును కలిసి చేసిన పని యిది. ఆ సలహాకు మూలము ఆ ప్రాంతమున ముప్పది యేండ్లపాటు వ్రాసియుంచిన వాతావరణపు లెక్కలు. ఎవరో ప్రతిదినము వానకొలత చూచి పుస్తకములో వ్రాసియుండుటచేతనే యంత్రమునకు నేర్చుకొనుటకు దినుసు దొరకినది.

వ్రాయని చోట ఏమగునో పాముకాటు లెక్కలు చూపును. దేశములో 2005లో పాముకాటు వలన సుమారు 45,900 మంది మరణించిరని, ఇంటింట విచారించి చేసిన ఒక పెద్ద అధ్యయనము తేల్చినది. ఆసుపత్రుల లెక్కలలో చూపిన సంఖ్య ఇందులో ముప్పదవ వంతునకంటె తక్కువ. చనిపోయినవారిలో అధికులు ఆసుపత్రికి చేరకయే ఇంటిలోనో, పొలములోనో, దారిలోనో పోయినవారు. 2000 నుండి 2019 వరకు పండ్రెండు లక్షల మంది పోయిరని తరువాతి అధ్యయనము అంచనా కట్టినది; మరణములు దట్టముగానున్న ప్రాంతములలో మన తెలుగునాడును కలదు. ఏ యంత్రమేధకైనను ఆసుపత్రి కాగితములను మాత్రమే చూపినచో, పాముకాటు స్వల్ప సమస్యయని అది తడుముకొనక చెప్పును. 1895లో చెడుగాలి అని చెప్పియుండునట్లే. విరుగుడు మందు ఏ మండలమునకు ఎంత పంపవలెనను నిర్ణయము అట్టి లెక్క మీద జరిగినచో, మందు లేక చచ్చువాడు మన యూరివాడే.

2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వము పాముకాటు మరణములను 2030 నాటికి సగమునకు తగ్గించు లక్ష్యముతో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించెను. ఆ యేడు నవంబరులో, పాముకాటును తప్పక తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటింపుడని రాష్ట్రములను కోరెను. అనగా ఆసుపత్రులు ప్రతి కాటును లెక్కకెక్కింపవలెనని ఉద్దేశము. ఆసుపత్రికి చేరనివారి లెక్క మాత్రము గ్రామముననే పుట్టవలెను.

కావున జనన మరణముల రిజిస్టరు విషయమై సభ్యులు కొంత శ్రద్ధ వహింపవలెనని మేము కోరుచున్నాము. మరణ నివేదిక పత్రములో మరణకారణమునకు ఒక గడి కలదు. పెక్కు గ్రామములలో దానిని ఖాళీగా విడుచుటయో, "జ్వరము", "గుండెపోటు" అని అలవాటుగా నింపుటయో జరుగుచున్నది. పొలములో పాము కరచి పోయినవానికి పాముకాటు అనియే వ్రాయింపవలెను. జ్వరముతో పోయినవానికి రక్తపరీక్ష జరిగినదా, ఏమి తేలినదో ఆశా కార్యకర్తను అడిగి తెలిసికొనవలెను. ఇటీవల కార్యాలయములలో నివేదికలను కృత్రిమ మేధచే వ్రాయించు వాడుక ప్రవేశించినది. భాషను దిద్దించుకొనుటలో దోషము లేదు. అంకెలను మాత్రము దానిచే నింపింపరాదు. ఖాళీగా నున్న గడిని పైవారు చూచి అడుగుదురు. ఊహించి నింపిన గడిని ఎవరును అడుగరు.

మరణము జరిగిన 21 దినములలోగా తెలిపినచో నమోదు ఉచితము. 21 దినములు దాటి 30 దినములలోపలనైన ఆలస్య రుసుము చెల్లింపవలెను. 30 దినములు దాటి సంవత్సరములోగానైన అధికారి వ్రాతపూర్వకమైన అనుమతియు, సంవత్సరము దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువును కావలసియుండును. ఇంటిలో గాని పొలములో గాని మరణము సంభవించినప్పుడు కుటుంబమువారు దుఃఖములో నుందురు గనుక, ఆ వార్డు సభ్యుడే ముందుగా పంచాయతీ కార్యదర్శికి తెలియజేసి, పత్రము నింపించుటకు తోడుపోవుట సులభమైన మార్గము.